తలుపు వెనక నీ గొంతు

సోఫియా నగరం,
బుధవారం ఉదయం.

అమ్మకు,

నీ చేతులు ముద్దాడి పెద్దకొడుకు బోరిల్ రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ, నీ కోడలు ఎలిత్సా, మనవరాలు దారా కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ తమ్ముడు కామెనూ కులాసా అని తలుస్తున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్నదానివి, క్షేమం అడగని ఉత్తరం ఉత్తరమే కాదని మొట్టికాయలు వేసి మరీ నేర్పావు. అందుకని రాశాను. ఈసారి మాత్రం ఆ ఒక్క ముక్క రాయడానికి కలం మొరాయించింది.

నువ్వు పంపిన సీసాలు బస్సు డ్రైవరు మిత్కో తెచ్చి ఇచ్చాడు. కారం లేని ఎర్ర మిరపకాయల పచ్చడి సీసా ఒకటి పెట్రోహాన్ కనుమ మలుపుల్లో పగిలిందట. "పగిలిందా, నువ్వు నాకేశావా?" అని అడిగాను. "సగం పగిలింది, సగం నాకాను" అన్నాడు, సిగ్గూ శరమూ లేకుండా. మిగిలినవాటితో దారా రోజూ మూతి ఎర్రగా చేసుకుంటోంది. దాని దగ్గు తగ్గింది. నువ్వు చెప్పినట్టే నల్ల ముల్లంగిని తొలిచి తేనె పోసి, ఊరిన రసం పట్టించాం. ఎలిత్సా ముందు నవ్వింది. తర్వాత తనకు గొంతు పట్టేసినప్పుడు గుట్టుగా తనూ తాగింది. మార్చి పండగకు నువ్వు పేనిన ఎరుపు తెలుపు దారాలు కూడా అందాయి. ఇప్పుడే కట్టమని పిల్ల ఒకటే పేచీ. ముందుగా కడితే మార్చి నెలను తెచ్చే మార్తా అవ్వకు కోపమొచ్చి మళ్లీ మంచు కురిపిస్తుందని చెప్పి ఆపాం.

ఇక నువ్వు అడిగినవి. నాన్న అకార్డియన్ నా దగ్గర లేదమ్మా. సారా కాచే రాగి కాగు కూడా నేను తీసుకురాలేదు. రెండు గదుల ఇంట్లో ఆ కాగు పెడితే మేం ముగ్గురం అందులోనే పడుకోవాలి. అవి ఏమై ఉంటాయో నాకు తెలుసు. చెబుతాను, తొందరపెట్టకు.

మా ఆఫీసువాళ్లు నీకు పూలెందుకు పంపారని అడిగావు. "నా పేరుగల పునీతురాలి పండగా కాదు, పుట్టినరోజూ కాదు. పైగా సరిసంఖ్యలో పంపారు, చచ్చినవాళ్లకు పంపినట్టు. ఒకటి పీకి దేవుడి పటం ముందు పెట్టాను" అని రాశావు. మంచి పని చేశావు. పూలు పురమాయించింది మాల్టాలోని మా ఆఫీసులో కూర్చున్న ఎవరో పిల్ల. బతికున్న మనిషికి బేసి సంఖ్యలోనే ఇవ్వాలని ఆమెకేం తెలుసు? తెలియక చేసిందే. అయినా నీ ఉత్తరంలో ఆ మాట ఇప్పుడు మళ్లీ చదివితే నా ఒళ్లు జలదరిస్తోంది. ఎందుకో ముందు ముందు నీకే అర్థమవుతుంది.

అసలు సంగతి నువ్వు సంతకం పెట్టాక, చోటు చాలక, కాగితం అంచు వెంబడి రాశావు. ఆ ముక్కలు నాకు కంఠతా వచ్చేశాయి.

"ఒరే బోరిల్, నాకేదో అవుతోందిరా. వంటింట్లో నోరు మూసుకుని ఉల్లిపాయలు తరుగుతుంటానా, కామెన్ గది తలుపు వెనక నేనే మాట్లాడుతుంటాను. వాణ్ణి అడిగితే 'ఎవరూ మాట్లాడలేదమ్మా, నీకే అలా వినిపిస్తోంది' అంటాడు. మా అమ్మ గేనాకూ చివర్లో ఇలాగే కదరా మొదలైంది. బుర్ర పనిచేస్తుండగానే రాస్ప్‌బెర్రీ తోట తన పేర రాసేయమంటున్నాడు. గురువారం నోటరీ దగ్గరికి తీసుకెళ్తాడట. అదే మంచిదేమో."

మంచిది కాదమ్మా. గురువారం నువ్వు ఇంట్లోంచి కదలకు. కాళ్ల నొప్పులు అను, కడుపు నొప్పి అను, ఏమైనా అను, ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నీకు మతి పోలేదు. నీ చెవులు చక్కగా ఉన్నాయి. అమ్మమ్మకు వచ్చింది నీకు రాలేదు. ఆ తలుపు వెనక మాట్లాడుతున్నది నిజంగా నువ్వే.

ఇది ఫోన్‌లో చెప్పాల్సిన మాటే. కానీ నీ ఫోన్ ఈమధ్య వాడి దగ్గరే ఉంటోందని నువ్వే రాశావు. నేను చేస్తే వాడే ఎత్తుతున్నాడు. "అమ్మ పడుకుంది" అంటాడు. పట్టపగలు నువ్వు పడుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అందుకే కాగితం.

నేను రికార్డు చేసే పెట్టె పట్టుకుని ఊరికి వచ్చిన శరత్కాలం నీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల ఆటకు ఒక అవ్వ గొంతు కావాలి, నీ గొంతయితే బాగుంటుందని బతిమాలాను. చిన్నగదిలో గోడలకు బొంతలు వేలాడదీశాం, బయటి చప్పుడు రాకుండా. నువ్వు వెళ్లి లిప్‌స్టిక్ వేసుకొచ్చావు. తోతా పిన్ని గుమ్మంలో నిలబడి పడీపడీ నవ్వింది.

"గొంతు పడుతుందన్నాడు గానీ పెదాలు పడతాయన్నాడటే?"

"గొంతుకీ ఓ మర్యాద ఉంటుంది, నువ్వు ఊరుకోవే" అన్నావు నువ్వు.

మొదట నువ్వు పలికినవన్నీ పోస్టాఫీసు గొంతుతో పలికావు. రిజిస్టరు ఉత్తరం అందుకోమని పిలుస్తున్నట్టు. ఎన్నిసార్లు చెప్పించినా అంతే. అప్పుడు నేనన్నాను, "అమ్మా, మన టెలిగ్రామ్ కుక్కకి రొట్టెలో కాసు వచ్చిన ఏడాది కామెన్ గాడు ఏడ్చాడే, అప్పుడు వాడితో ఎలా అన్నావో అలా అను."

నీ మొహం మెత్తబడింది. తర్వాత అన్నావు. "ఏడవకు కామెన్, ఏడవకు నాన్నా. ఇంకొక్కసారి తిప్పు."

పెట్టె హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విన్న నాకు కళ్లు చెమర్చాయి. ఇదే, ఇదే కావాలనుకున్నాను. సోఫియాకు వచ్చాక అందులోంచి పేరు కత్తిరించాను. మిగతాది అలాగే ఉంచాను, పేరుకు ముందు నువ్వు తీసుకున్న చిన్న ఊపిరితో సహా.

అది పిల్లల ఆట కాదమ్మా.

మావాడు పిల్లల ఆటలకు పాటలు కడతాడని నువ్వు ఊళ్లో అందరికీ చెప్పుకుంటావు. నేనెప్పుడూ కాదనలేదు. మా కంపెనీ జూదం ఆటలు తయారుచేస్తుంది. ఇంటర్నెట్‌లో జూదశాలలు నడిపేవాళ్లు వాటిని కొనుక్కుని, జనం ఫోన్లలోకి పంపుతారు. ఏ ఆట ఎవరు ఆడతారో, ఆడి ఏమైపోతారో మేం చూడం. మా మేడ మీద గదులన్నీ తెల్లగా, శుభ్రంగా ఉంటాయి. మధ్యాహ్నం పళ్లు కోసి పెడతారు. జూదరి మొహం ఒక్కటి కూడా ఆ గదుల్లోకి రాదు. నా పని చప్పుళ్లు. పది వేసినవాడికి మూడు తిరిగొస్తే, ఏడు పోయాయని తోచకుండా గెలిచినట్టు మోగే గంటలున్నాయే, అవి నావి.

ఆ ఆట మన రొట్టె పళ్లేనిదే. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మనింట్లో ఎలా జరుగుతుందో అలాగే. గుండ్రటి రొట్టె, లోపల కాసు. మొదటి ముక్క దేవుని తల్లికి, రెండోది ఇంటికి తీసి పెడతారు. తర్వాత పళ్లెం తిరుగుతుంది. ఎవరి ముందు ఏ ముక్క ఆగితే అది వాళ్లది. బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో ఆడేవాడే పేర్లు రాసుకోవచ్చు. ఆ ఆలోచన నాదే. అందరూ మెచ్చుకున్నారు. కాసు ఉన్న ముక్క అతని ముందుకు వస్తుంది, నెమ్మదిస్తుంది, ఇదిగో ఆగిందనుకునేలోగా పక్కవాడి ముందుకు జారిపోతుంది. అప్పుడు నీ గొంతు పలుకుతుంది. ఏడవకు నాన్నా, ఇంకొక్కసారి తిప్పు.

వేలితో నొక్కిన క్షణంలోనే లెక్క తేలిపోతుంది. ఆ తర్వాత పళ్లెం తిరగడం, నెమ్మదించడం, ఊరించడం అంతా మేం వేసే వేషం. చట్టం ఒప్పుకున్న లెక్కేనని ఇవెలీనా అంటుంది. లెక్కలన్నీ ఆమెవి. మంచి పిల్ల, పిల్లులను పెంచుకుంటుంది.

నీకు తెలియదనుకుంటున్నావేమో, చిన్నప్పుడే నేను చూశాను. కాసు ఉన్నచోట రొట్టె అడుగున నువ్వు ఫోర్కుతో గుచ్చి గుర్తు పెట్టేదానివి. పళ్లెం ఆగబోయేటప్పుడు నీ బొటనవేలు అంచు మీద ఉండేది. నాన్న క్వారీలో పని పోగొట్టుకున్న ఏడాది కాసు ఆయనకే వచ్చింది. నా పరీక్షల ఏడాది నాకొచ్చింది. ఆ ఒక్క ఏడాది నీ వేలు జారి కుక్కకు వచ్చింది, పోస్టాఫీసు ఇంటి కుక్క కాబట్టి టెలిగ్రామ్ అని పేరు పెట్టుకున్నాం, దానికి. కామెన్ గుక్కపట్టి ఏడిస్తే ఆచారమంతా పక్కనపెట్టి మళ్లీ తిప్పనిచ్చావు. రెండోసారి వాడి ముందే ఆగింది. నువ్వు చేసిందీ మోసమే అమ్మా, కానీ నీ మోసంలో ఎవరూ ఏడుస్తూ లేవలేదు. మేం నీ గొంతు పట్టుకెళ్లాం. నీ బొటనవేలు పట్టుకెళ్లలేదు.

పోయిన వారం మా పెద్ద జివ్కో అందరినీ కూర్చోబెట్టి గోడ మీద ఒక కదిలే బొమ్మ వేసి చూపించాడు. ఎవరో ఆడుతుండగా తీసిన బొమ్మ. మనిషి కనిపించడు, పేరూ ఉండదు, ఆట మాత్రం కనిపిస్తుంది. మామూలుగా ఆడేవాళ్లు చప్పుడు ఆపేసుకుంటారు, పక్కవాళ్లు వింటారని. ఇతను ఆపడట. గొంతు పలుకుతున్నంతసేపూ వేలు కదపడట, అది పూర్తయ్యాకే నొక్కుతాడట. గెలిచినప్పుడు కూడా లేవడట.

"గెలిచినా పోడు, ఓడినా పోడు. ఇలాంటివాడు వెయ్యిమందిలో ఒకడు" అన్నాడు జివ్కో. "ఇదంతా గొంతు మహిమ. బోరిల్, మీ అమ్మగారికి పూలు పంపించాను, అందాయా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ బొమ్మకేసి చూశాను. బల్ల చుట్టూ రాసిన పేర్లు చదివాను. నాన్న. అమ్మ. బోరిల్. కామెన్. చివర్లో టెలిగ్రామ్.

"చూడండ్రా, పేరు తోచక ఫోన్‌లో ఉన్నదేదో దించేశాడు!" అని ఇవెలీనా నవ్వింది. పళ్లెం తిరిగి తిరిగి, కాసు టెలిగ్రామ్ ముందు ఆగింది. గది గొల్లుమంది. నీ గొంతు పలికింది. వేలు నొక్కింది.

నా చేతులు చప్పట్ల మధ్యలో అలాగే ఉండిపోయాయి. చచ్చిపోయి ఇన్నేళ్లయిన మన కుక్కను, చచ్చిపోయిన నాన్నను, బతికున్న మనల్ని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టుకుని, మన కామెన్ ఒక్కడే గదిలో ఆ పళ్లెం తిప్పుతున్నాడు. మా ఆఫీసంతా చూసి నవ్వుతోంది. అకార్డియన్ అలా పోయిందమ్మా. కాగు అలా పోయింది. రేపు తోట కూడా అలాగే పోతుంది.

మర్నాడు నీ ఉత్తరం అందింది. అది చదివి నేరుగా జివ్కో గదికి వెళ్లాను. ఆ గొంతు తీసేయమన్నాను.

"ఎందుకోయ్?"

"మా అమ్మకు ఇష్టం లేదు."

"ఆవిడ సంతకం పెట్టింది. ఎంత ముచ్చటైన సంతకం, నేనే దాచిపెట్టాను."

"పిల్లల ఆట అనుకుని పెట్టింది."

"అలా అని ఆవిడకు చెప్పిందెవరు? నేనా?" అన్నాడు. "ఆడేవాళ్లు ఒక్కరూ గోల పెట్టలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు బోరిల్? అయినా మీ అమ్మగారితో ఇక పనిలేదు. ఇలా రా, విను."

ఏదో నొక్కాడు. నువ్వు పోర్చుగీసులో మాట్లాడావు. తర్వాత స్పానిష్‌లో. తర్వాత నేనెప్పుడూ వినని ఏదో భాషలో. నువ్వు విదిన్ పట్నం దాటి ఎరగవు, అమ్మా. అయినా నీ ఊపిరి, నీ జీర, మాట చివర మన కొండవాళ్లు తీసే సాగదీత, అన్నీ అందులో ఉన్నాయి. నీ గొంతు ఒక యంత్రానికి నేర్పేశారట. ఇక ఏ మాట రాసిచ్చినా నువ్వే అంటావట, నువ్వు పోయిన తర్వాత కూడా. సరిసంఖ్య పూలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి.

"ఏ మాటైనా పలుకుతుందా?" అని అడిగాను.

"ఏదైనా."

"అయితే ఒక్క మాట పెట్టండి. ఎక్కువసేపు ఆడితే కింద చిన్న అక్షరాల్లో హెచ్చరిక వస్తుంది కదా, చట్టం కోసం పెట్టింది. అది మా అమ్మ గొంతుతో చెప్పించండి. 'ఇక చాలు నాన్నా' అని."

జివ్కో నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నాకు జ్వరం వచ్చిందేమోనన్నట్టు జాలిగా చూశాడు. "ఆ మాట మన పట్టికలో లేదు. ఎప్పటికీ ఉండదు. ఇంటికెళ్లి కాస్త పడుకో."

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేశాను. నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వాడి గొంతు ఎంత మెల్లగా ఉందంటే నాకు అదే ఎక్కువ భయమేసింది.

"నీకు తెలిసిపోయిందా అన్నయ్యా" అన్నాడు.

"ఒరే, అది ఆట కాదురా, ఉచ్చు. తయారుచేసినవాణ్ణి నేను చెబుతున్నాను, అందులో గెలుపు లేదు."

"గెలవడానికి ఎవడాడుతున్నాడు?"

"మరెందుకురా?"

"అమ్మ పిలుస్తుంది కదా."

"అమ్మ పక్కగదిలో ఉందిరా దరిద్రుడా! తలుపు తీస్తే కనిపిస్తుంది!"

"ఆ అమ్మ పొద్దున్న లేస్తే నడుం ఎలా ఉంది, మళ్లీ పనిలోకి ఎప్పుడు రమ్మన్నారు, డాక్టరేమన్నాడు అని అడుగుతుంది. ఈ అమ్మ ఏమీ అడగదు. ఎన్నిసార్లు ఓడినా ఏడవకు అంటుంది."

"అమ్మకు మతి పోతోందని చెబుతున్నావట. నీకు నోరెలా వచ్చిందిరా?"

"ఇంకేం చెప్పను? ఆ మాట్లాడేది నువ్వేనమ్మా అని చెప్పనా? అప్పుడు నిన్నేం చేస్తుంది?" అన్నాడు. మళ్లీ తనే, "తోట తర్వాత విడిపించేస్తాను. ఒక్క కాసు పడితే చాలు. ఇంకొక్కసారి" అని పెట్టేశాడు.

వాడి మీద కోపం తెచ్చుకోకు. పాలరాయి కోసే చోట బండ జారి నడుం విరిగినప్పటి నుంచి వాడు గదిలోనే ఉన్నాడు. తోటివాళ్లు మొదట్లో వచ్చారు, తర్వాత మానేశారు. తిండి పెట్టే చేతులు నీవి, మందుల సంగతి అడిగే నోరు నీది. నువ్వు అడిగింది ప్రేమతోనే. కానీ పనిలేని మగవాడికి ప్రతి ప్రశ్నా దెప్పిపొడుపులాగే వినిపిస్తుంది. నీ తప్పు కాదమ్మా అది.

ఎవరి తప్పో ఇప్పుడు చెబుతాను. ఇంతవరకు రాసినవన్నీ ఈ ఒక్కటి రాయకుండా ఉండటానికి రాసినట్టున్నాను.

మొన్న క్రిస్మస్‌కు మేం వచ్చాం. నువ్వు వంటింట్లో పిండి పిసుకుతున్నావు. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎంత పలకరించినా తిరగడు. వాణ్ణి నవ్వించాలని, కాస్త గొప్పకు కూడా, నా ఫోన్ తీశాను. "ఇది వినరా, ఎవరో చెప్పు చూద్దాం" అన్నాను. పళ్లెం తిప్పాను. నీ గొంతు వినగానే వాడు ఇటు తిరిగాడు. ఎన్నో నెలల తర్వాత వాడి మొహంలో వెలుగు చూశాను. పిచ్చివాడిలా సంతోషించాను. వాడి ఫోన్‌లోకి ఎలా తెచ్చుకోవాలో చూపించాను. బల్ల చుట్టూ ఆ పేర్లు రాసింది వాడు కాదమ్మా, నేను. టెలిగ్రామ్ పేరు కూడా నేనే రాశాను, వాడు నవ్వుతాడని. "అమ్మకు చెప్పకు, కోప్పడుతుంది" అన్నది కూడా నేనే. ఆ మాట మాత్రం వాడు నిలబెట్టుకున్నాడు. నన్ను కాపాడటానికి నీకు మతి పోయిందన్నాడు.

మా ఆట ఎవరు ఆడతారో మేం చూడమని పైన రాశాను. అబద్ధం. ఒకణ్ణి చూశాను. ఆడించాను.

ఇప్పుడు బస్టాండులో కూర్చుని ఇది రాస్తున్నాను. పొద్దుటి బస్సుకు టికెట్టు కొన్నాను. ఎక్కలేకపోతున్నాను. ఈ సంగతి నీకు తెలియకముందే నీ గుమ్మంలో నిలబడితే, నువ్వు నా బూట్ల మంచు దులిపి, తిన్నావా అని అడుగుతావు. అప్పుడు నేనింక నోరు తెరవలేను. అందుకే ఉత్తరాన్ని ఆ బస్సులో ముందు పంపుతున్నాను. మిత్కో నీ చేతికే ఇస్తాడు, కామెన్‌కు ఇవ్వొద్దని ఒట్టు వేయించుకున్నాను. నేను సాయంత్రం బస్సుకు వస్తాను. నా మొహం చూడాలనిపించకపోతే గేటు గడియ పెట్టెయ్. తోతా పిన్ని ఇంట్లో పడుకుంటాను, నోటరీ టైము దాటేదాకా ఊళ్లోనే ఉంటాను.

నేనొచ్చేదాకా ఆగకు, అమ్మా. నా గొంతు వింటే వాడు తలుపు తీయడు. ఇది చదివి, కాసేపు ఏడవాలంటే ఏడిచి, మొహం కడుక్కుని వాడి తలుపు దగ్గరికి వెళ్లు. తోట ఊసెత్తకు. అకార్డియన్ ఏదని అడగకు. నడుం ఎలా ఉందనైనా అడగకు. "ఇక చాలు నాన్నా, లేచిరా, పులుసు చల్లారిపోతోంది" అను. ఆ మాట వాళ్ల దగ్గర లేదు. ఎన్ని భాషల్లో నిన్ను పలికించినా ఆ మాట పలికించరు. అది నీ నోట్లో తప్ప లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు.

వాడు వెంటనే లేవకపోవచ్చు. నీ మాట విని అది ఫోన్‌లోదే అనుకోవచ్చు, కొత్తగా ఏదో పెట్టారనుకుని మళ్లీ నొక్కొచ్చు. అందుకని గడియ ఊడదీసైనా లోపలికి వెళ్లి వాడి భుజం మీద చెయ్యి వెయ్యి. వేళ్లకు పిండి అంటుకుని ఉన్నా పరవాలేదు. తుడుచుకోకుండా వెళ్లు. తలుపు అవతల నీ గొంతు ఇంకొక్కసారి అంటూనే ఉంటుంది, అలసిపోదు, దానికి ఆకలి వేయదు. ఇవతల నువ్వు చాలు అనాలి. రెండూ నీ గొంతులే. వాడు ఏ అమ్మ మాట వింటాడో నాకు తెలియదు.

ఇట్లు,
నీ చేతులు ముద్దాడే అర్హత ఉందో లేదో తెలియని
నీ పెద్దకొడుకు,
బోరిల్.